"గుర్తుపట్టారా?" అని ఎవరూ అడగని చోటు: మతిమరుపు జబ్బు ఉన్న పెద్దవాళ్ళ కోసం కాలనీలో కలయిక ఎలా పెట్టాలి

మా అత్తయ్యకు డిమెన్షియా అని తెలిసిన ఏడాదిలోపే మా ఇంటికి రాకపోకలు తగ్గిపోయాయి. ఎవరూ కావాలని మానలేదు. వచ్చినవాళ్ళు "నేనెవరో చెప్పుకోండి చూద్దాం" అని నవ్వుతూ అడిగేవారు. ఆవిడ బిక్కమొహం వేసుకుని నా వైపు చూసేవారు. రెండు మూడుసార్లు ఇలా అయ్యాక వాళ్ళకూ మొహమాటం, మాకూ మొహమాటం. పెళ్ళిళ్ళకు, పేరంటాలకు ఆవిడను తీసుకెళ్ళడం మేమే మానేశాం. ఆవిడతో పాటు నేనూ ఇంట్లోనే ఉండిపోయాను.

మేముండేది హైదరాబాదులో ఎ.ఎస్.రావు నగర్ వైపు. ఈసీఐఎల్‌లో పనిచేసి రిటైరైనవాళ్ళు చాలామంది ఉండే చోటు. అక్కడ నలుగురం కలిసి నెలకు రెండుసార్లు ఇలాంటి పెద్దవాళ్ళు, వాళ్ళను చూసుకునేవాళ్ళు కలిసి కూర్చునే ఏర్పాటు మొదలుపెట్టాం. మూడేళ్ళుగా నడుస్తోంది. మీ కాలనీలోనో అపార్ట్‌మెంట్‌లోనో అలాంటిది పెట్టాలనుకుంటే ఎక్కడ మొదలుపెట్టాలో, మేం ఏం తప్పులు చేసి నేర్చుకున్నామో రాస్తున్నాను.

ఈ ఆలోచన మాది కాదు. 1997 సెప్టెంబరులో నెదర్లాండ్స్‌లోని లైడెన్‌లో బేరె మీసెన్ అనే సైకాలజిస్టు దీన్ని మొదలుపెట్టారు. ఈ జబ్బు గురించి భార్యాభర్తలు కూడా ఒకరితో ఒకరు మాట్లాడుకోలేకపోవడం, లోపలే దాచుకోవడం ఆయన గమనించారు. అందుకని ఆసుపత్రి వాతావరణం లేని చోట, కాఫీ తాగుతూ, జబ్బు ఉన్నవాళ్ళూ వాళ్ళ ఇంటివాళ్ళూ పక్కపక్కన కూర్చునేలా చేశారు. తర్వాత అది ఇంగ్లండుకు, అమెరికాకు, ఇంకా చాలా దేశాలకు పాకింది. మెమరీ కెఫే అంటారు. పేరు ఏదైనా పెట్టుకోండి, ఒక్క నియమం మాత్రం వదలకండి: పెద్దవాళ్ళను అక్కడ దింపేసి వెళ్ళిపోవడం ఉండదు. ఇద్దరూ కలిసి వస్తారు, ఇద్దరూ అతిథులే. డే కేర్ వేరు, ఇది వేరు. డే కేర్ కూడా చాలా అవసరం, కానీ దానికి శిక్షణ ఉన్న సిబ్బంది కావాలి. దీనికి ఒక గది, ఓపిక ఉన్న నలుగురు మనుషులు, చాయ్ ఉంటే మొదలుపెట్టొచ్చు.

ముందు ఇళ్ళు తెలుసుకోండి

కాలనీ సంఘం వాళ్ళను అడిగితే మీరు మొదట వినే మాట "మన దగ్గర అలాంటివాళ్ళు ఎవరూ లేరండి" అని. ఉంటారు. మన దేశంలో అరవై దాటినవాళ్ళలో నూటికి 7.4 మందికి డిమెన్షియా ఉందని, మొత్తం దాదాపు 88 లక్షల మంది అని 2023లో వచ్చిన జాతీయ స్థాయి అధ్యయనం అంచనా వేసింది. ఆ లెక్కన మీ కాలనీలో రెండు వందల మంది పెద్దవాళ్ళుంటే పది పదిహేను ఇళ్ళలో ఈ బాధ ఉండొచ్చు. తలుపులు మూసుకుని ఉన్నాయి కాబట్టి మనకు కనబడవు.

వాట్సాప్ గ్రూపులో ప్రకటన పెడితే ఎవరూ రారు. మేం పెట్టాం, ఒక్క ఫోనూ రాలేదు. నలుగురిలో పేరు బయటపడుతుందని భయం. మందుల షాపతనికి, ఫిజియోథెరపీకి ఇళ్ళకు వచ్చే అమ్మాయికి, వాచ్‌మన్‌కు మీ నంబరు ఇచ్చి పెట్టండి. "ఫలానా ఇంట్లో ఎవరికుంది" అని మీరు ఆరా తీయకండి, "అవసరమైనవాళ్ళకు ఈ నంబరు ఇవ్వండి" అని మాత్రం చెప్పండి. మాకు మొదటి ఐదు కుటుంబాలు అలాగే దొరికాయి. అందులో మూడు మందుల షాపు ద్వారానే.

ఫోను వచ్చాక ఆ ఇంటికి వెళ్ళండి. వెళ్ళగానే కోడలితోనో కొడుకుతోనో మాట్లాడడం మొదలుపెట్టకండి. ముందు ఆ పెద్దావిడ దగ్గరకు వెళ్ళి, ఆవిడ కళ్ళ ఎత్తుకు కూర్చుని, మీ పేరు మీరే చెప్పుకోండి. కాసేపు కబుర్లయ్యాక ఇంటివాళ్ళను అడిగి ఒక కాగితం మీద ఇవి రాసుకోండి: ఎలా పిలిస్తే పలుకుతారు, ఏ భాష సుఖం, ఒకప్పుడు ఏం పని చేసేవారు, షుగరుందా, మింగడానికి ఇబ్బందుందా, బాత్రూంకు సాయం కావాలా, దేనికి భయపడతారు, ఏ వేళ చిరాకు పడతారు. ఈ ఒక్క కాగితం మీకు తర్వాత వంద ఇబ్బందులు తప్పిస్తుంది. అది మీ దగ్గరే ఉండాలి, గ్రూపుల్లో తిరగకూడదు.

ఇంకా డాక్టరుకే చూపించని ఇళ్ళూ తగులుతాయి. "వయసు మీద పడింది, చాదస్తం" అని వదిలేసి ఉంటారు. వాళ్ళను ముందు న్యూరాలజిస్టు దగ్గరకు పంపండి. బి12 తగ్గినా, థైరాయిడ్ తేడా చేసినా, డిప్రెషన్ ఉన్నా, ఎప్పుడో పడినప్పుడు తల లోపల రక్తం గడ్డకట్టినా మతిమరుపు రావచ్చు. వీటికి వైద్యం ఉంది. ఏది ఏమిటో తేల్చాల్సింది డాక్టరే, మనం కాదు. పెద్దవాళ్ళ సాయం కోసం 14567 ఎల్డర్‌లైన్, మనసు కుంగినప్పుడు మాట్లాడడానికి 14416 టెలి మానస్ ఉన్నాయి. రెండూ ఉచితమే. ఈ నంబర్లు రాసిన చీటీ ప్రతి ఇంటికీ ఇవ్వండి. అల్జీమర్స్ అండ్ రిలేటెడ్ డిజార్డర్స్ సొసైటీ ఆఫ్ ఇండియా (ఎ.ఆర్.డి.ఎస్.ఐ.) అనే సంస్థ 1992 నుంచి దేశంలో పనిచేస్తోంది, హైదరాబాదులోనూ శాఖ ఉంది. మొదలుపెట్టే ముందు వాళ్ళతో ఒకసారి మాట్లాడితే మంచిది.

చోటు, వేళ

మా మొదటి కలయిక పాడైపోయింది. సాయంత్రం ఐదున్నరకు పెట్టాం. ఉద్యోగాలకు వెళ్ళేవాళ్ళకు వీలుగా ఉంటుందనుకున్నాం. మైకు పెట్టించాం, ఒక డాక్టరు గారి ఉపన్యాసం ఏర్పాటు చేశాం. మైకు ఒక్కసారి కీచుమనేసరికి అత్తయ్య రెండు చెవులూ మూసుకున్నారు. ఇంకో పెద్దాయన లేచి చెప్పులు వెతుక్కోవడం మొదలుపెట్టారు. "ఇంటికి పోదాం, అమ్మ చూస్తుంటది" అంటున్నారు. ఆయనకు ఎనభై రెండేళ్ళు. ఆయన భార్య అందరి ముందూ ఏడ్చేసింది. అరగంటలో హాలు ఖాళీ అయింది.

సందె వేళకు ఈ జబ్బున్నవాళ్ళలో చాలామందికి అలజడి పెరుగుతుందని మాకు అప్పుడు తెలియదు. మీరు పొద్దున పెట్టుకోండి. పదిన్నర నుంచి పన్నెండున్నర దాకా మంచి సమయం. అంతకంటే ముందంటే స్నానం, టిఫిను, మాత్రలు అయ్యేసరికి చూసుకునేవాళ్ళకు ఉరుకులు పరుగులే. మేం రెండో శనివారం, నాలుగో శనివారం ఎంచుకున్నాం. బ్యాంకులకు ఆ రెండు రోజులూ సెలవు, చాలా ఆఫీసులకూ సెలవే. రోజు మార్చకండి. "ఈసారి ఆదివారం పెడదాం" అని ఒక్కసారి మార్చినా రెండు కుటుంబాలు తగ్గుతాయి. ఎండాకాలం మాత్రం ఓ గంట ముందుకు జరపండి, ఏప్రిల్, మే నెలల్లో పన్నెండింటికి రోడ్డు మీద వాళ్ళను నిలబెట్టకూడదు.

హాలు కింది అంతస్తులో ఉండాలి. లిఫ్టు ఉంది కదా అని పై అంతస్తు తీసుకోకండి, తలుపు మూసుకోగానే భయపడేవాళ్ళుంటారు. బాత్రూం దగ్గరగా, వెస్టర్న్ కమోడ్‌తో, పట్టుకోవడానికి కడ్డీతో ఉండాలి. తలుపు మీద పెద్ద బొమ్మ అతికించండి. లోపలి గడియ తీసేయించండి, బయట ఒకరు నిలబడితే సరిపోతుంది. నేల గురించి ఎవరూ ఆలోచించరు, మేమూ ఆలోచించలేదు. లేత రంగు టైల్స్ మీద నల్ల డోర్‌మ్యాట్ వేస్తే అది వాళ్ళ కంటికి గొయ్యిలా కనబడుతుంది, దాటలేక గుమ్మంలోనే ఆగిపోతారు. తళతళ మెరిసే నేల నీళ్ళు పోసినట్టుంటుంది. మ్యాట్ తీసేయండి, కిటికీ తెరలు కాస్త దించండి. పెద్ద అద్దం ఉంటే దుప్పటి కప్పండి, అందులో ఎవరో ఉన్నారనుకునేవాళ్ళుంటారు.

కుర్చీలు వరసలుగా వేయకండి, అప్పుడది మీటింగ్ అయిపోతుంది. నలుగురైదుగురికి ఒక బల్ల చొప్పున వేయండి. బ్యానరు కట్టాలనుకుంటే దాని మీద జబ్బు పేరు రాయకండి. మేం "శనివారం చాయ్" అని పెట్టుకున్నాం. ఎక్కడికి వెళ్తున్నావమ్మా అని లిఫ్టులో ఎవరైనా అడిగితే అత్తయ్య "చాయ్‌కి" అని చెప్పగలరు.

ఆ రెండు గంటల్లో ఏం చేయాలి

వచ్చేవాళ్ళను గుమ్మం దగ్గర ఒకరు పలకరించాలి, ప్రతిసారీ అదే మనిషి. అందరికీ, వాలంటీర్లతో సహా, పెద్ద తెలుగు అక్షరాలతో పేరు రాసిన చీటీ ఛాతీకి పెట్టండి. అందరికీ ఉంది కాబట్టి ఎవరికీ చిన్నతనం ఉండదు, పేరు గుర్తు రాని ఇబ్బందీ ఉండదు.

ముందు చాయ్, ఉస్మానియా బిస్కెట్లు. షుగరున్నవాళ్ళకు చక్కెర లేని చాయ్ వేరే రంగు కప్పుల్లో ఇవ్వండి, లేకపోతే కప్పులు తారుమారవుతాయి. చాయ్ పొగలు కక్కుతూ ఇవ్వకండి. బిస్కెట్ పొడిగా తింటే పొలమారేవాళ్ళకు చాయ్‌లో నానబెట్టి ఇంటివాళ్ళే తినిపిస్తారు. ఎవరికి ఏది పడదో మీ కాగితంలో ఉంటుంది.

తర్వాత చేతికి పని. దీనికోసం బొమ్మలు, పజిల్స్ అంటూ చిన్నపిల్లల సామాన్లు కొనకండి. ఎనభై ఏళ్ళ మనిషి ముందు ప్లాస్టిక్ ముక్కలు పెడితే తనకేమనిపిస్తుందో ఒక్కసారి ఆలోచించండి. జీవితమంతా చేసిన పనులు చేతులకు ఇంకా వస్తాయి. మా బల్లల మీద చిక్కుడుకాయలు, మల్లెపూలు, దారం, గవ్వలు, అష్టాచెమ్మా పలక ఉంటాయి. అత్తయ్య నా పేరు మర్చిపోయారు. కానీ మల్లెపూలు ముందు పెడితే చాలు, రెండటు రెండిటు పెట్టి, దారం మడత వేసి, బొటనవేలితో బిగించి, మూర దండ కట్టేస్తారు. మధ్యలో ఎక్కడా ఆగరు. మూర అయ్యాక మోచేతికి ఆనించి కొలుస్తారు. మొదటిసారి అది చూసి నేను బయటికెళ్ళి నిలబడ్డాను.

ఆర్టీసీలో కండక్టరుగా చేసిన పెద్దాయన ఒకరు వచ్చేవారు. ఏ బల్ల దగ్గరా కూర్చునేవారు కాదు, హాలంతా తిరుగుతూనే ఉండేవారు. ఒకసారి మేం చాయ్‌కి కూపన్లు పెట్టాం. ఆయన ఆ కట్ట తీసుకుని, ఎడమ చేతి వేళ్ళ మధ్య ఇరికించుకుని, ఒక్కొక్కటి చింపి బల్ల బల్లకూ తిరిగి ఇచ్చారు. గుమ్మం దగ్గర గుంపుగా నిలబడ్డ మమ్మల్ని చూసి "లోపలికి జరగండి, లోపలికి జరగండి" అన్నారు. అప్పటినుంచి మా దగ్గర చాయ్ కూపన్ లేనిదే ఇవ్వం. కూపన్లతో మాకు అవసరం లేదు, ఆయనకు కావలసింది పని. తిరుగుతున్న మనిషిని కూర్చోబెట్టాలని చూసినంతకాలం మాకూ టెన్షన్, ఆయనకూ టెన్షన్. మీ దగ్గరకు వచ్చే ప్రతివాళ్ళూ ఒకప్పుడు ఏం చేసేవారో అందుకే కనుక్కోమన్నాను.

ఆఖరి అరగంట పాటలు పెట్టండి. మాటలు దొరకని మనుషులు కూడా పాట అందుకుంటారు. ఫోనులో ఏదో ఒకటి పెట్టి వదిలేయకండి, ఎవరైనా పాడాలి, మిగిలినవాళ్ళు కలవాలి. వాళ్ళకు పదిహేను నుంచి పాతికేళ్ళ వయసులో విన్న పాటలు ఎంచుకోండి. పండుగల ముందు ఆ పండుగ పని పెట్టుకోండి. బతుకమ్మ ముందు తంగేడు, గునుగు పూలు తెస్తే మా హాలులో పాట ఎవరూ మొదలుపెట్టమని అడగక్కర్లేదు. ముషీరాబాద్ నుంచి కూతురితో వచ్చే పెద్దావిడ ఒకరు నెలల తరబడి నోరు విప్పలేదు. ఆ రోజు ఆవిడే ముందు చప్పట్లు కొట్టారు.

భాష సంగతి కూడా చెప్పాలి. మన ఊళ్ళో మూడు భాషల్లో బతికిన తరం ఇది. 648 మంది డిమెన్షియా రోగుల మీద హైదరాబాదు నిమ్స్ ఆసుపత్రిలో జరిగిన ఒక అధ్యయనం 2013లో వచ్చింది. రెండు భాషలు మాట్లాడేవాళ్ళలో ఒకే భాష తెలిసినవాళ్ళ కంటే ఈ జబ్బు నాలుగున్నరేళ్ళు ఆలస్యంగా మొదలైందని అందులో తేలింది. కానీ జబ్బు ముదిరేకొద్దీ తర్వాత నేర్చుకున్న భాష జారిపోయి, చిన్నప్పటిది మిగలడం మామూలు. మా దగ్గరకు వచ్చే ఒక పెద్దాయన నిజాం రోజుల్లో ఉర్దూ మీడియంలో చదివారు. తెలుగులో పలకరిస్తే తల తిప్పుకునేవారు. "ఆదాబ్, చాయ్ లేంగే?" అంటే చేయి గుండెకు ఆనించి లేస్తారు. వాలంటీర్లలో ఉర్దూ వచ్చినవాళ్ళు ఒకరైనా ఉండేలా చూసుకోండి.

అడగకూడనివి

వాలంటీర్లకు పెద్ద శిక్షణ ఏమీ అక్కర్లేదు, ఈ కొన్ని మాటలు మాత్రం వాళ్ళ మనసుకు పట్టేదాకా చెప్పండి. "గుర్తుపట్టారా?", "నా పేరేంటి?", "ఇవాళ ఏం వారం?", "పొద్దున ఏం తిన్నారు?" ఇవేవీ అడగకూడదు. ఇవి పరీక్షలు. ఆ హాలు పరీక్ష లేని చోటుగా ఉండాలి. దానికి బదులు "మామిడికాయ పచ్చడిలో మీరు ఇంగువ వేస్తారా?" అని అడగండి. దానికి తప్పు జవాబంటూ ఉండదు.

వాళ్ళు అదే సంగతి ఐదోసారి చెప్పినా మొదటిసారి విన్నట్టే వినండి. తప్పు చెబితే సరిదిద్దకండి. పోయిన భర్త ఆఫీసు నుంచి వస్తున్నారని ఆవిడ అంటే, "ఆయన పోయి పదేళ్ళయింది కదమ్మా" అనకండి. ఆ వార్త ఆవిడకు అప్పుడే మొదటిసారి తెలిసినట్టవుతుంది. "ఆయనకు ఏ కూర ఇష్టం?" అని అడగండి. "ఏం తాతా, తిన్నవా" అని గట్టిగా అరవడం, భుజం తట్టి చిన్నపిల్లల్లా మాట్లాడడం వద్దు. మీరు, గారు తప్పనిసరి. వాళ్ళు పక్కన ఉండగా వాళ్ళ గురించి ఇంటివాళ్ళతో మాట్లాడకండి. మాట అర్థం కాకపోయినా తన గురించే అంటున్నారని అర్థమవుతుంది.

చూసుకునేవాళ్ళ అరగంట

పాటలు నడుస్తున్నప్పుడు చూసుకునేవాళ్ళను పక్క గదిలో కూర్చోబెట్టండి. పెద్దవాళ్ళకు వాళ్ళు కనబడేలా తలుపు తెరిచే ఉండాలి. ముగ్గురు పెద్దవాళ్ళకు ఒక వాలంటీరు తప్పకుండా ఉండాలి, లేకపోతే ఈ అరగంట కుదరదు.

ఇక్కడ ఉపన్యాసం వద్దు. మొదటి రెండుసార్లు ఎవరూ పెద్దగా మాట్లాడరు. మూడోసారి ఒక కోడలు "నిన్న మా మామగారి మీద అరిచాను" అంటుంది. అందరూ ఊపిరి పీల్చుకుంటారు. ఆ మాటకు సలహా ఇవ్వకండి, నీతులు అసలే చెప్పకండి. తర్వాత మాటలు వాటంతటవే వస్తాయి: స్నానం చేయనంటే ఏం చేయాలి, డైపర్లు ఎక్కడ చవక, రాత్రి తలుపు తీసుకుని వెళ్ళకుండా గొళ్ళెం పైన పెట్టించడం, అమెరికాలో ఉన్న ఆడపడుచు ఫోనులో సరిగా చూసుకోవట్లేదంటే ఏం చెప్పాలి. అనుభవం ఉన్నవాళ్ళు చెప్పే జవాబులు పనికొస్తాయి. నేను అత్తయ్య స్నానం సంగతి ఇక్కడే నేర్చుకున్నాను. "స్నానం చేద్దాం" అనకుండా ముందు గోరువెచ్చని నీళ్ళు పాదాల మీద పోయాలి, ఆవిడ "హాయిగా ఉంది" అన్నాక మిగతాది.

ఏజెన్సీ నుంచి వచ్చే ఆయాలను, అటెండెంట్లను బయట కూర్చోబెట్టకండి. చాలా ఇళ్ళలో రోజంతా చూసుకునేది వాళ్ళే. వాళ్ళకూ అదే బల్ల, అదే చాయ్. మగవాళ్ళు కూడా వస్తారు, భార్యను చూసుకుంటున్న పెద్దాయనలు. వాళ్ళు తమ బాధ చెప్పరు, కుక్కర్ ఎన్ని విజిల్స్ రావాలని అడుగుతారు. అక్కడినుంచి మొదలుపెట్టండి.

జాగ్రత్తలు, ఖర్చు

గేటు దగ్గర ఒకరు రెండు గంటలూ కదలకుండా ఉండాలి. ప్రతి పెద్దవాళ్ళ జేబులో లేదా చీర కొంగుకు ఇంటివాళ్ళ ఫోను నంబరున్న చీటీ ఉండాలి. వాళ్ళు వేసుకొచ్చిన బట్టల రంగు రాగానే రాసుకోండి. ఎవరైనా కనబడకపోతే పది నిమిషాలు వెతికి, దొరక్కపోతే వెంటనే 112కి ఫోను చేయండి, ఇంకాసేపు చూద్దామని ఆగకండి. ఫోటోలు తీయనివ్వకండి. సంఘం వాళ్ళు, వచ్చిన అతిథులు అడుగుతారు, గట్టిగా కాదనండి.

ఖర్చు పెద్దగా ఉండదు. హాలు సంఘం ఇస్తే చాయ్, బిస్కెట్లు, పూలు, నడవలేనివాళ్ళకు ఆటో డబ్బులు. కుటుంబాల దగ్గర వసూలు చేయకండి, వాళ్ళ మీద మందుల ఖర్చే చాలా ఉంది. సంఘంలో ఒకరు ఒక్కో శనివారం తమ ఇంటి పెళ్ళిరోజుకో, తల్లిదండ్రుల తిథికో పెట్టుకునేలా అడిగితే కాదనరు.

ఐదు జంటలతో మొదలుపెట్టండి, పన్నెండు దాటనివ్వకండి. ఇంకా వస్తామంటే పక్క కాలనీలో ఇంకొకటి పెట్టేందుకు సాయం చేయండి.

కొందరు రావడం ఆగిపోతుంది. మంచాన పడతారు, పోతారు. అప్పుడు ఆ చూసుకునే మనిషికి రావడం మానేయాల్సిన అవసరం లేదని మీరే వెళ్ళి చెప్పండి. పదకొండో రోజు అయ్యాక ఆ వచ్చే శనివారానికి ఫోను చేయండి. వాళ్ళు తమంతట తాము రారు, ఇంక నాకేం పని అనుకుంటారు. మా కండక్టరు గారి భార్య ఇప్పుడు కూడా వస్తోంది. కూపన్ల కట్ట ఆమె దగ్గరే ఉంటుంది. శుక్రవారం రాత్రి కూర్చుని, వాటి మీద ముద్ర వేసి తెస్తుంది.